కొలిచి కోసిన ఫ్రేం

దర్జీ చేతికి కత్తెర ఇస్తే ఎవరికీ భయం ఉండదు. రంపం ఇస్తేనే వస్తుంది గొడవంతా.

ఈ దర్జీకి సైకిలు తొక్కడం రాదు. నేర్చుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. ఆయన భార్య సంగతి వేరు. వారమంతా స్కూలు బస్సు నడుపుతుంది. ఆదివారం తెల్లారగానే హెల్మెట్ తగిలించుకుని, ఊరి వెనక కొండెక్కి, రాళ్లనక రప్పలనక సైకిలు మీద దూసుకుంటూ దిగుతుంది. ఆ కొండ కోసమే దర్జీ ఆమెకు చెప్పాపెట్టకుండా కార్బన్ ఫ్రేం సైకిలు కొన్నాడు. చెబితే వద్దంటుందని బిల్లు తన పేరునే రాయించాడు. రెండు వేళ్లతో ఎత్తితే లేస్తుంది ఆ సైకిలు! ఆమె దాన్ని చూసి మురిసిపోయింది, ఈయన ఆమెను చూసి మురిసిపోయాడు.

కొన్నేళ్లకు పెడల్ తొక్కినప్పుడల్లా టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైంది. ఆమె గ్రీజు పూసింది, బోల్టులు బిగించింది, నోరారా తిట్టింది. ఊహూఁ. చివరికి సైకిల్ షాపాయన ఫ్రేంను తలకిందులుగా నిలబెట్టి, నాణెంతో గొట్టం పొడవునా కొడుతూ పోయాడు. బాగున్న చోటల్లా ఖంగుమంటోంది. పెడళ్ల దగ్గరికొచ్చేసరికి అట్టపెట్టె మీద కొట్టినట్టు డబ్‌మంది. చూస్తే రంగు కింద వెంట్రుకంత పగులు.

"దీంతో ఇక కొండ దిగొద్దక్కా. కార్బన్ ముందుగా వంగి చెప్పదు. ఒక్కసారే పుటుక్కుమంటుంది" అన్నాడు.

"ఇంకోటి కొనగలమా ఏమన్నా? నా కొండ అయిపోయినట్టేలే" అంది ఆమె. వెంట వచ్చిన దర్జీకి గుండె కలుక్కుమంది.

ఆ తర్వాత ఆదివారాలు ఆమె కిటికీలు తుడిచింది. తుడిచినవే మళ్లీ తుడిచింది. నవ్వుతూ తుళ్లుతూ తిరిగే మనిషి అలా కిటికీలకు అతుక్కుపోతే ఏ మొగుడికి దిగులెయ్యదు చెప్పండి! ఎలాగైనా ఆమెను మళ్లీ కొండెక్కించాలన్నదే దర్జీకి ధ్యాసైపోయింది.

ఫ్రేంకు జీవితకాలం వారంటీ ఉంది, అయితే మొదట కొన్నవాళ్లకే. దర్జీ పేరున ఫోటోలు పంపారు. రాయికి కొట్టారేమో, మేడ మీంచి పడేశారేమో అని కంపెనీవాళ్లు నానా యక్షప్రశ్నలూ వేసి, ఆఖరికి సరేనన్నారు. ఒకటే షరతు. పాత ఫ్రేం మళ్లీ ఎవరూ వాడకుండా, కొన్నవాడే దాన్ని రంపంతో కోసి వీడియో పంపాలి.

ఈయనగారేం చేశాడో తెలుసా? ఫ్రేంను బల్ల మీద పడుకోబెట్టి, టేపుతో కొలిచి, సుద్దతో గీత గీసి, గీత తప్పకుండా నున్నగా కోశాడు. అక్కడితో ఆగాడా? అంచులకు గరుకు కాగితం కూడా రుద్దాడు! ఇన్నేళ్లూ గుడ్డ కోసిన చెయ్యి మరి, పాడుచెయ్యమంటే ఎలా చేస్తుంది?

కంపెనీవాళ్లు వీడియో తిప్పికొట్టారు. ఇంత శుభ్రంగా కోశారంటే మళ్లీ అతికించుకోవడానికేనన్నారు. అతకడానికి వీల్లేకుండా ఇంకోచోట కొయ్యాలి, ఈసారీ ఇలాగే చేస్తే వారంటీ లేదు గిరంటీ లేదన్నారు.

"పని శుభ్రంగా చెయ్యడం కూడా తప్పేనట!" అని దర్జీ లబలబలాడాడు.

"కోస్తుంటే చూడలేనని నేను లోపలికి పోవడం తప్పు. మీ సంగతి తెలిసుండి కూడా!" అంది భార్య.

రెండోసారి కోత షాపులోనే పెట్టుకున్నారు. కార్బన్ పొడి పీల్చకుండా ముగ్గురూ ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. ఫ్రేంను బల్ల మీది ఇనప పట్టులో బిగించి, షాపాయన ఫోను పట్టుకున్నాడు. దర్జీ రంపం ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు.

"వంకరగా కొయ్యండి బావగారూ!"

"వంకరగా చెయ్యి రావట్లేదయ్యా, నేనేం చెయ్యను!"

భార్య వెనక నుంచి వచ్చి రెండు చేతులతో ఆయన కళ్లు మూసేసింది. "ఊఁ, ఇప్పుడు కానివ్వండి."

"అమ్మో, వేలు తెగుతుందే!"

"తెగదు. నేను చూస్తున్నానుగా."

ఇంకేముంది! రంపం ఎటు పోతోందో రంపానికే తెలియదు. గొట్టం కాస్తా చీపురుకట్టలా పీలికలైంది. నవ్వలేక ముగ్గురికీ కడుపులు పట్టేశాయి, వీడియో మొత్తం ఊగిపోయింది. కంపెనీవాళ్లు ఆ కళ్లు మూసిన చేతులు ఎవరివని మాత్రం అడిగారు. కొన్నాయన భార్యవని షాపాయన జవాబిచ్చాడు. మర్నాడే కొత్త ఫ్రేం మంజూరైంది.

అది వచ్చిన రోజు ఆమె అట్టపెట్టె విప్పుతూ చిన్నపిల్లలా గెంతింది. ఆ గెంతు చూసి దర్జీకి ప్రాణం లేచొచ్చింది.

"ఈసారి వారంటీ అక్క పేరు మీద పెట్టిద్దామా? పేరున్నవాళ్లు ఉన్నంతకాలమే కదా చెల్లేది. బావగారికి మరి వయసు..." అంటూ షాపాయన నాలిక కరుచుకున్నాడు.

"పెట్టించవయ్యా! నాకంటే పదేళ్లు చిన్నది. ఆ పదేళ్లూ కొండ దిగొద్దూ?" అని దర్జీ నవ్వాడు.

ఆమె నవ్వలేదు. చేతిలోని చక్రం కింద పెట్టేసింది.

"వద్దు తమ్ముడూ. ఆయన పేరే ఉండనీ. వారంటీ కోసమైనా ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటారు."

దర్జీ కొత్త ఫ్రేం మీద లేని దుమ్మును చొక్కా అంచుతో తుడుస్తూ నిలబడ్డాడు.