యాదవ్వ డొప్పల మిషను

యాదవ్వకు దగ్గరి చూపు తగ్గింది. వరంగల్‌లో మోదుగాకుల విస్తళ్లు కుట్టి బతికే మనిషికి చూపు తగ్గడమంటే పని పోవడమే. పుల్ల ఆకులో దిగకుండా వేలిలో దిగుతుంటే కుట్టేదెట్లా? చేతికుట్టు విస్తరి పవిత్రతను పొగిడే పెద్దలకు తలో కట్ట ఆకులిచ్చి కూర్చోబెడితే తెలిసొచ్చేది. యాదవ్వకు అంత తీరిక లేదు. 1983 ఎండాకాలంలో, మూతబడ్డ ఒక షెడ్డు నుంచి డొప్పలొత్తే పాత మిషను తెచ్చుకుంది.

పైకి సులువైన మిషనే. కింద గిన్నెలా గుంట ఉన్న ఇనుప దిమ్మె. దాన్ని డై అంటారు. పైన ఆ గుంటలోకి దిగే ఇంకో డై. రెండు ఆకులు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పరిచి పెడల్ తొక్కితే పై డై దిగుతుంది. కింది డై వేడికి ఆకు గిన్నెలా బిగుసుకుంటుంది. కుట్టనక్కర్లేదు, పుల్ల గుచ్చనక్కర్లేదు. డైని వేడిచేసే హీటరు మాత్రం లేదు.

స్టేషన్ ఎదుట టిఫిన్ హోటల్ నడిపే కిషన్ రావు ఒక మాటన్నాడు. శుక్రవారం పొద్దున తన చేత్తో వేడి సాంబారు పోస్తాడు; డొప్ప నిలిస్తే రోజూ యాదవ్వ దగ్గరే తీసుకుంటాడు. నిలవకపోతే ఆమె వర్ధన్నపేటలో తమ్ముడింటికి పోయి మిరపచేలో కూలి చేసుకోవాల్సిందే.

వాడకట్టులో ఇస్త్రీపెట్టెలు, కరెంటు పొయ్యిలు బాగుచేసే జమాలుద్దీన్ వచ్చి, ఇస్త్రీపెట్టె ఎలిమెంటు ఒకటి డై అడుగున బిగించాడు. ఎర్తు వైరు లాగాడు. వేడెక్కాక స్విచ్చి తీసేసి యాదవ్వ, రొట్టె పెనం మీద చల్లినట్టే డై మీద నీళ్లు చిలకరించింది. చుయ్‌మంది.

"కాలింది తమ్మీ. పెనం లెక్కనే పలికింది."

ఆకులు పరిచి తొక్కింది. డొప్ప బయటికి రాగానే అంచులు విచ్చుకున్నాయి. అడుగు బొగ్గులా నల్లబడింది. గడపలో నిలబడ్డ రాజవ్వ, యాదవ్వకు వదిన వరస, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మంచిగ పువ్వు పూసింది యాదవ్వా. గుళ్లె పెట్టొద్దామా?"

"నీ కొప్పుల పెడతగని, జర ఆగు వదినా."

జమాలుద్దీన్‌కు పౌరుషమొచ్చింది. "పవర్ సాల్తలేదక్కా. వెయ్యి వాట్లది పెడత, ఫికర్ చెయ్యకు."

పెట్టాడు. ఈసారి పొగ ముందొచ్చింది, డొప్ప వెనకొచ్చింది. అడుగుకు చిల్లి పడింది. అంచు మాత్రం చెట్టు మీది ఆకులాగే పచ్చగా ఉంది.

యాదవ్వ రెండు డొప్పలూ వెలుతుర్లో పెట్టుకుంది. ఆకు మీద వేడి తన దారి తానే రాసిపెట్టింది: అడుగున నలుపు, దాని చుట్టూ గోధుమరంగు, పైకి పోతే ఒట్టి పచ్చదనం.

"తమ్మీ, నేను నీళ్లు చల్లితే ఏడికి పోయినయి?"

"డై మీదికి."

"డై మీదికి గాదు, గుంటలకు జారినయి. చుయ్యిమన్నది అడుగు. అంచును మనం అడుగనే లేదు."

స్విచ్చి తీసి, తడిగుడ్డ అంచుకు ఆనించింది. చప్పుడు లేదు. పెనం చదునుగా ఉంటుంది గనక ఎక్కడ చల్లినా ఒకటే. గుంటకు ఆ లెక్క నడవదు. ఇద్దరూ పుట్టినప్పటి నుంచి రొట్టెలు తిన్నవాళ్లే గనక ఇద్దరూ మోసపోయారు.

జమాలుద్దీన్ లేచి నిలబడ్డాడు. "అడుగున పెట్టుడే తప్పక్కా. ప్లాస్టిక్ మిషన్లకు నడుముకు బెల్టు కట్టినట్టు చుట్టూ హీటరు కడతరు. బ్యాండ్ హీటరంటరు. గదే కావాలె మనకు."

"మరి కూసున్నవేంది, నడువు."

"నేను నిలవడే ఉన్ననక్కా."

డై చల్లారాక యాదవ్వ దాని చుట్టూ నూలుదారం బిగించి ముడివేసింది. ఆ కొలత దారం ఊడదీసుకుని ఇద్దరూ చౌరస్తాలో మిషన్ సామాన్లమ్మే రాంచందర్ దుకాణానికి పోయారు. గోడకు బ్యాండ్ హీటర్లు కడియాల్లా వేలాడుతున్నాయి. రాంచందర్ వెడల్పాటిది ఒకటి దించాడు.

"వెయ్యి వాట్లది. జర లూజైనా బోల్టు తిప్పితే పట్టుకుంటది. పెద్దదుంటే ఎప్పటికైనా మంచిదే."

వెయ్యి అన్న మాటకు జమాలుద్దీన్ చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. యాదవ్వ దారం లోపల పెట్టి చూసింది. చుట్టూ సందు.

"ఇది నడుమున నిలుస్తదా?"

జమాలుద్దీన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నిల్వదు. సందుంటే వేడి ఇనుముకు పోదు, హీటరే కాలి సస్తది. నా దగ్గరికొచ్చే ఇస్త్రీపెట్టెల్ల సగం గిట్ల సచ్చినయే."

దారానికి సరిగ్గా కూర్చున్నది ఐదువందల వాట్లది. "సగం పవరే," అన్నాడు రాంచందర్, చిన్నబోయి.

"మాకు పొగ వద్దు బిడ్డా, డొప్ప గావాలె."

బెల్టు డైకి అతుక్కున్నట్టు బిగిసింది. స్విచ్చి వేశాక ఇనుమంతా వేడెక్కేదాకా ఆగడమే కష్టమైంది. గడపలోని రాజవ్వ ఎప్పుడో లోపలికొచ్చి కూర్చుంది. యాదవ్వ స్విచ్చి తీసి, ఈసారి అంచు పొడవునా తడిగుడ్డ తిప్పింది. చుట్టూరా ఒకే పాట. ఆకులు పరిచి తొక్కి, లోలోపల కొంచెం లెక్కపెట్టి వదిలింది. డొప్ప బయటికొచ్చింది. ముగ్గురూ దాని అంచువైపే చూశారు. అది విచ్చుకోలేదు. యాదవ్వ వేలితో మీటితే టక్కున పలికింది.

శుక్రవారం కిషన్ రావు డొప్పలో పొగలు కక్కే సాంబారు పోసి, అది చేతిలో ఉండగానే ఎవరితోనో రైలు లేటు గురించి మాట్లాడుతూ ఉండిపోయాడు. యాదవ్వ చూపు ఆయన మోచేతి మీదే ఉంది, చుక్క జారుతుందేమోనని. మాటలయ్యాక ఆయన డొప్ప ఎత్తి అడుగు చూశాడు. పొడిగా ఉంది.

"రేపటి నుంచే తేవమ్మా. పొద్దుగాలనే."

ఇంటికొచ్చేసరికి రాజవ్వ పెడల్ మీద కాలు పెట్టి ఉంది.

"నా కాలు నీకంటే గట్టిది."

"తొక్కు వదినా," అంది యాదవ్వ, ఆకుల కట్ట విప్పుతూ. "నేను ఆకు పెడత. గుళ్లె పెట్టే పువ్వులు మాత్రం చెయ్యకు."