పట్టుచీరలో బజ్జీలు

హైదరాబాదు శాలిబండలో రోడ్డు వారన మా అమ్మ మిరపకాయ బజ్జీలు వేసేది. పోలీసు లాఠీ కనిపిస్తే సామానంతా ఎత్తుకుని సందులోకి పరిగెత్తడమే. డెబ్బైల్లో ఒక ఏడాది, రోడ్డు మీద తినుబండారాలు అమ్మేవాళ్ళకు వరసగా రేకుల కొట్లు కట్టించి నీళ్ళకు ఒక నల్లా పెట్టిస్తామని మునిసిపాలిటీవాళ్ళు చెప్పారు. గుమాస్తా వచ్చి చూసినప్పుడు ఎవరి బేరం నడుస్తుంటే వాళ్ళకే కొట్టు. ఆ రోజు పేరు ఎక్కకపోతే మళ్ళీ లాఠీయే గతి.

అమ్మకు అది పెళ్ళిచూపులంత పని అయిపోయింది. మూకుడును బూడిదతో తళతళలాడేలా తోమింది. జాగా ఊడ్చి ముగ్గేసింది. శనగపిండి డబ్బా గోనెపట్టా కింద దాచి, పట్టుచీర కట్టుకుని కూర్చుంది. పొయ్యి మాత్రం ముట్టించలేదు.

"సారొచ్చే యాళ్లకు పొగేంది, నూనె చిట్లుడేంది బిడ్డా? మంచిగుండది," అంది. నాకూ సబబుగానే తోచింది. మా తెలివి అంతే!

గుమాస్తా వచ్చాడు. పక్కన మసి బనీనుతో కబాబులు కాలుస్తున్న భాయ్ పేరు చప్పున రాసుకున్నాడు. మా ముందు ఆగి, "ఇక్కడ వ్యాపారమేమీ లేదే," అని కదిలిపోయాడు. నాకు అతని మీదా, ఆ పట్టుచీర మీదా ఒళ్ళు మండింది.

భాయ్ కబాబులు వదిలేసి అడ్డం వెళ్ళాడు. "సాబ్, జర ఠైరో! గీ అక్క బజ్జీలు తినకుంట ఎవ్వరన్న ఇంటికి పోతరా?"

గుమాస్తా గడియారం చూసుకున్నాడు. మా పొయ్యిలో బొగ్గులు రాజుకోవాలంటే అరగంట పడుతుంది. భాయ్ తన పొయ్యిలోంచి సగం నిప్పులు పారతో ఎత్తి తెచ్చాడు.

అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ రోజు శనివారం, ఆమె నీసు ముట్టదు. ఆ నిప్పుల మీద కబాబుల కొవ్వు ఇంకా చిటపటమంటోంది. భాయ్‌కి సంగతి అర్థమైంది. పార పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అతని వెనక, సెగ చాలక కబాబులు పచ్చిగానే ఉండిపోయాయి. కొనడానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోతున్నారు.

అమ్మ అటు చూసి చెయ్యి తీసేసింది.

"ఎయ్యి భాయ్, ఎయ్యి."

పట్టుకొంగు బొడ్లో దోపుకుని పిండి కలిపింది. మొదటి వాయి తిన్నాక గుమాస్తా పేరు రాసుకుని, కొట్టు ఎక్కడ కావాలని అడిగాడు. నల్లా పక్కనడగమని నేను అమ్మ చెవిలో గొణిగాను.

"గా భాయ్ పక్కన రాయుండ్రి సారూ," అంది అమ్మ. "నిప్పడగనీకె దగ్గరుండాలె."