హుడ్ అంటే ఏదండీ

ఇంగ్లీషు భాష మీద నాకు కోపం ఉంది. హైస్కూల్లో ఆ భాష చెప్పుకునే బతికినదాన్ని, ఈ మాట అనకూడదు. అయినా అంటాను. ఒకే బండికి ఇంగ్లండు వాళ్ళు ఒక పేరు, అమెరికా వాళ్ళు ఇంకో పేరు పెట్టుకుంటే పెట్టుకోనీ, అది వాళ్ళ గొడవ. మధ్యలో రాజోలులో లారీ తోలుకునే మా నాన్న ఏం పాపం చేశాడు?

నాన్న కుర్రతనంలో డ్రైవింగ్ నేర్చుకున్నది మిషను ఆసుపత్రికి ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ వ్యాను మీద. ఆవిడ బానెట్ అంటే నాన్న బానెట్ అన్నాడు, ఆవిడ పెట్రోల్ అంటే పెట్రోల్ అన్నాడు. ఆవిడ తన దేశం వెళ్ళిపోయాక కొబ్బరికాయల లారీ ఎక్కాడు. పాతికేళ్ళు దాని మీదే గడిచిపోయాయి. ఎనభైల మొదట్లో నడుము పట్టేసింది. పొద్దున్నే మంచం మీంచి లేవాలంటే అమ్మ చెయ్యి పట్టుకోవాలి. దూరం లారీ ఇక వద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

అప్పుడే మా వైపు నేలలో గ్యాసు కోసం బావులు తవ్వే కంపెనీలు దిగాయి. అందులో ఒకదానికి జీపు డ్రైవర్లు కావాలన్నారు. మెత్తటి సీటు, పగటి పని, సాయంత్రానికి ఇల్లు. నాన్న నడుముకి అంతకన్నా మందు లేదు. కాకపోతే బండి భాగాల పేర్లు ఇంగ్లీషులో అడుగుతారని తెలిసింది.

నేను బి.ఇడి. ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. ఇంకేం, నాన్నకి పాఠం మొదలుపెట్టాను. నలభై పేజీల నోటుబుక్కులో ఎడం పక్క నాన్న మాట, కుడి పక్క నా మాట రాశాను. డిక్కీ అనకూడదు, బూట్ అనాలి. స్టెప్నీ కాదు, స్పేర్ వీల్. పానా కాదు, స్పానర్. ముందద్దం కాదు, విండ్‌స్క్రీన్. నాన్న ఆపి ఉన్న లారీ చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కదాని మీదా చెయ్యి వేసి చెప్పేవాడు. తప్పు చెబితే క్లాసులో పిల్లల్ని కసిరినట్టే కసిరేదాన్ని. పాతికేళ్ళుగా ఆ బండి కడుపులో ఏముందో చెవితో విని చెప్పగలిగిన మనిషిని!

పరీక్షకి ముందు రోజు ఇంకో మాట కూడా చెప్పాను.

"నాన్నా, అక్కడ మాత్రం ఆయ్, ఏదండీ, ఎలాగండీ అంటూ ఎదురు అడక్కు. అడిగితే ఏమీ తెలీదనుకుంటారు. తెలిసింది చెయ్యి, తెలీకపోతే ఊరుకో."

"ఆయ్, అలాగేనమ్మా" అన్నాడు నాన్న. ఆ 'ఆయ్' కూడా వద్దన్నాను.

కంపెనీ క్యాంపులో, ముళ్ళకంచె అవతల జీపు నిలబెట్టారు. కంచె ఇవతల నేను. ఒక ఆఫీసరు కాగితం చూసి ఒక్కొక్క పేరూ పైకి చదువుతాడు, వచ్చినవాడు ఆ భాగం మీద చెయ్యి పెట్టాలి. అంతే పరీక్ష. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని జీపు దగ్గరకి వెళ్ళాడు.

"హుడ్" అన్నాడు ఆఫీసరు.

నాన్న చెయ్యి సగం లేచి గాలిలో ఆగిపోయింది. ఎదురుగా బానెట్ ఉంది. దాన్ని ఎన్ని వేలసార్లు ఎత్తి ఉంటాడో లెక్కలేదు. ఆ చెయ్యి దాని మీద వాలలేదు.

"ఫెండర్." నాన్న కదల్లేదు. "మఫ్లర్." కదల్లేదు. పనిముట్ల పెట్టె చూపించి "రెంచ్" అన్నాడు. నాన్న పెట్టె వైపు చూసి, ఆయన మొహం వైపు చూసి, తల దించుకున్నాడు. కాగితం మీద అడ్డంగా ఒక గీత పడింది. స్టీరింగ్ పట్టుకోనివ్వలేదు. బండి తోలేవాణ్ణి ఎంచడానికి బండి తోలించి చూడని పరీక్ష నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ మాటలు నాకూ తెలియవు! అదీ నా మంట. ఆదివారం రాజమండ్రి వెళ్ళి, లైబ్రరీలో లావుపాటి నిఘంటువు ముందేసుకున్నాను. హుడ్ అంటే అమెరికాలో బానెట్. ఫెండర్ అంటే చక్రం మీదుండే మడ్‌గార్డ్ రేకు. మఫ్లర్ అంటే మన సైలెన్సర్. రెంచ్ అంటే పానా. లారీని ట్రక్ అంటారట, పెట్రోల్‌ని గ్యాస్ అంటారట. పేవ్‌మెంట్ అంటే ఇంగ్లండులో మనుషులు నడిచే పక్క దారి, అమెరికాలో బళ్ళు తిరిగే రోడ్డే. అది చదివేసరికి పుస్తకం గోడకేసి కొట్టాలనిపించింది. మనుషులు ఎక్కడ నడవాలో కూడా ఒక మాట మీదికి రాలేనివాళ్ళ భాష కోసం నేను నా తండ్రిని కసిరానా?

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి క్యాంపుకి వెళ్ళాను. ఆ ఆఫీసరు తెలుగువాడే. కుర్చీ వేయించాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"మా యంత్రాలు అమెరికావండీ. ఆ పుస్తకంలో ఉన్న పేర్లే అడుగుతాం."

"మీ జీపు తిరిగేది రాజోలు రోడ్డు మీదే కదండీ? అమెరికాలో కాదు కదా?"

"అందరికీ అదే కాగితమండీ. మిగతావాళ్ళు తెలీకపోతే 'హుడ్ అంటే ఏదండీ' అని అడిగేరు. చూపించేం. మీ నాన్నగారు నోరే విప్పలేదండీ."

తప్పు తన దగ్గర పెట్టుకుని నాన్న మీదికి తోస్తున్నాడని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అనాల్సిన నాలుగూ అనేసి వచ్చేశాను. బస్సులో ఇంటికి వచ్చేదాకా ఇంకా ఏమేం అని ఉండాల్సిందో అనుకుంటూనే ఉన్నాను.

నాన్న మళ్ళీ లారీ ఎక్కాడు. రెండు నెలలకి ఎడం కాలు తిమ్మిరెక్కడం మొదలైంది. నరసాపురంలో నడుము నొప్పికి చూసే డాక్టరున్నాడంటే నేనే తీసుకెళ్ళాను. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డాం. బళ్ళనీ మనుషుల్నీ గోదావరి దాటించే పంటు అది. దాని మీదికి బండిని రెండు పలకల మీదుగా వెనక్కి నడుపుతూ ఎక్కించాలి. అందరూ దిగిపోవాలి, డ్రైవరొక్కడే ఉండాలి. ఇంజను మోతలో, ఏటిగాలిలో ఏ మాటా వినపడదు కాబట్టి పంటు మీద ఒక మనిషి నిలబడి చేతులతోనే చెబుతాడు. అరచెయ్యి కిందికి ఊపితే నెమ్మదిగా, పిడికిలి బిగిస్తే ఆపు. మా వైపు డ్రైవర్లందరికీ ఆ భాష వచ్చు.

ఆ రోజు రేవులో ఆ కంపెనీ జీపు ఉంది. కొత్త డ్రైవరు పంటు ఎరగని మెట్ట ప్రాంతం నుంచి వచ్చినవాడు. పంటు మనిషి సైగలు అర్థం కాక, రెండుసార్లు వెనక్కి నడిపితే రెండుసార్లూ చక్రం పలక అంచుకి వచ్చేసింది. నాకు లోపల్లోపల సంతోషం వేసింది, దాచుకోను. పడనీ అనుకున్నాను.

అతను జీపు దిగి, చెమట తుడుచుకుంటూ, లారీ డ్రైవర్ల ఖాకీ చొక్కాలో ఉన్న నాన్న దగ్గరకి వచ్చాడు.

"బాబాయ్ గారండీ, దీన్నెలా ఎక్కించాలండీ? నాకు తెలీదండీ."

నాన్న ఏ సైగకి ఏం చెయ్యాలో అతనికి చెప్పి, కాలు ఈడ్చుకుంటూ పలకల మీదుగా పంటు ఎక్కి నిలబడ్డాడు. అరచెయ్యి ఊపాడు. రెండు వేళ్ళు ఎడమకి తిప్పాడు. జీపు నెమ్మదిగా వచ్చి పలకల మధ్యకి సర్దుకుంది. నాన్న పిడికిలి బిగించాడు. ఆ చేతులు ఎక్కడా తడబడలేదు.

నాన్న కిందికి దిగేసరికి నా కళ్ళు మండుతున్నాయి.

"నీ ఉద్యోగం వాడు చేస్తుంటే, వాడికి నువ్వు చేతులూపుతావా? నీకు సిగ్గనిపించలేదా నాన్నా? ఆ రోజు నీకు ఒక్కడైనా చెయ్యి చూపించేడా?"

నాన్న నడుము మీద చెయ్యి వేసుకుని, పలకల వైపే చూస్తూ అన్నాడు.

"అతను అడిగేడు కదమ్మా. అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాను? ఆ రోజు ఆఫీసరుగార్ని నేనూ అడుగుదామనే అనుకున్నాను. హుడ్ అంటే ఏదండీ అని నోటిదాకా వచ్చింది. నువ్వు అడగొద్దన్నావని ఊరుకున్నాను."

పంటు మీదకి రమ్మని కేకేశారు. నాన్న పలక ఎక్కుతూ, పట్టుకోమని నా వైపు చెయ్యి చాపాడు.