వాలిన పనస

ఉదయం ఏడూ పదికి మా పెరట్లో రంపం ఆగింది. చెట్టు పడ్డాక కోతపనివాడు టీ తాగడానికి కూర్చున్నాడు. లావుపాటి ఆ మొదలు చూసుకుని నేను సంతోషించాను.

అన్నయ్య బొబ్బిలి దగ్గర వీణలు చెక్కేవాడు. అన్నయ్య, వదినలతోనే నేనూ ఉండేదాన్ని. చేసిన వీణలన్నీ ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళాయి. తనకంటూ ఒకటి ఉంచుకోలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో విజయనగరం ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చేతుల్లో బలం ఉండగానే మనింటికి ఒకటి చేస్తానన్నాడు. మంచి పనస దుంగ దొరకడం లేదన్నాడు. మా పెరట్లో పనస ఉంది. ఎప్పుడో గాలివానకు పక్కకు వాలి, అలాగే బతికింది. తను వచ్చేసరికి కర్ర సిద్ధంగా ఉండాలని, అడక్కుండా కొట్టించాను.

వారం తర్వాత ఆటో దిగి అన్నయ్య ఇంట్లోకి రాకుండా పెరట్లోకే నడిచాడు. మోడు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఒసే, ఏటే సేసినావు? వాలిపోయిన సెట్టు వీణకి పనికొస్తాదేటే?"

"పుచ్చు నేదు కదన్నియ్యా."

"పుచ్చు కాదే. ఈ సుట్ల నడిమి బొడ్డు సూడు, మోడుకి మధ్యన నేదు. పైపక్క కర్రే ఎక్కువ పెరిగింది. ఇన్నేళ్ళూ పడిపోకుండా లాక్కుని ఉన్నాది. కోసేసినావని ఆ లాగుడు ఊరుకుంటాదేటి? ఆరేకొద్దీ మెలి తిరిగిపోతాది. ఉలి పెడితే బొచ్చు లేస్తాది."

నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోంచి వదిన, "సెల్లిని ఏడిపించింది సాలు గానీ అన్నానికి రా మావా" అంది.

"నన్నడగడానికి నోరు రానేదు గానీ, ఏడవడానికి బాగానే వచ్చింది" అని అన్నయ్య నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది.

తర్వాత ఒక పుస్తకంలో చదివాను. వాలిన చెట్టు తన కాండాన్ని నిలుపుకోవడానికి వేరే రకం కర్ర పెంచుకుంటుందట. దేవదారు వంటివి దాన్ని కిందివైపు పెంచి పైకి నెడతాయి. పనస, మామిడి వంటివి పైవైపు పెంచి వెనక్కి లాగుతాయి. అన్నయ్య చెప్పిందీ అదే.

అయినా ఆ దుంగను అన్నయ్య పారేయలేదు. నా కోసమే అనుకుంటాను. నిలువునా కోయించి, మామూలు కర్ర ఉండే కిందివైపు ముక్క తీసుకున్నాడు. ఒకే దుంగలో వీణ మొత్తం తీయడానికి అది చాలదు. ముక్కలు అతికిన వీణను జన్మంతా వెక్కిరించినవాడు, అలాంటిదే మొదలుపెట్టాడు. గుండ్రంగా ఉండే కుండ భాగాన్ని బాడిసతో పైపైన చెక్కి, ఆరడానికి వసారా నీడలో పెట్టాడు. ఒకే పక్క ఆరితే పగులుతుందని ప్రతి ఆదివారం తిప్పి పెట్టేవాడు.

"ఎండలో పెడితే తొందరగా ఆరదా?" అని ఒకసారి అడిగాను.

"నాకు తొందరుంటే కర్రకుంటాదేటే?" అన్నాడు.

అది ఆరకముందే అన్నయ్య పోయాడు. ఆ తర్వాత నేను తిప్పాను. వానాకాలం వెళ్ళేసరికి ఒక అంచు నుంచి అడుగు దాకా పగిలింది. పైవైపు కర్ర కొంత అందులో మిగిలిపోయిందో, నేను సరిగా తిప్పలేదో తెలియదు. చూసి చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో లేరు. వదిన దాన్ని పారేయనివ్వలేదు. వసారాలోనే ఉంది.

ఆదివారాలు దాన్ని తిప్పడం మానేశాను.