చెయ్యి తిరగలేదన్న మాట

ఆరేళ్లుగా రాస్తున్నాను. ఒక్క ఉత్తరానికీ జవాబు లేదు. రోబో చెయ్యి ఫొటోలో నన్ను అంచుకు నెట్టారనీ, మణికట్టు నేను చేస్తే పేరు మరొకరిది వేశారనీ అందరికీ ఫిర్యాదు చేశాను. ఏదీ మరిచిపోలేదు. కానీ ఏ ఉత్తరంలోనూ రాయని సంగతి ఒకటుంది. అన్నిటికంటే దాని బరువే ఎక్కువ. ఈ పత్రిక చదివే మీకు చెబుతున్నాను.

నిజామాబాద్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌లో నేను మెకానిక్‌ని. చెయ్యి పోయినవాళ్ల కోసం మేం చేసిన ఆ రోబో చెయ్యి టేబుల్ మీద గుడ్డును కూడా పగలకుండా పట్టేది. పొలంలో పనికొస్తుందా? చూడాలని బోధన్ దగ్గర చెరుకు కొట్టే గంగమణికి తొడిగారు. అంతకుముందే బెల్లం గానుగలో ఆమె ఎడమ చెయ్యి పోయింది. ఎడమ చెయ్యి గడను పట్టి తిప్పుతుంటేనే కుడిచేతి కొడవలి ఆకు దూస్తుంది.

నెల తర్వాత, ఈ పని నడిపే హైదరాబాద్ సారుతో వెళ్లాం. ఎలా ఉందమ్మా అని అడిగాడాయన.

"చెయ్యి తిరుగుతలేదు సారూ." నాకేసి చూసి నవ్వింది. "నీ చెయ్యికి చాయ్ తాగుడే ఎరుకనే అన్నా. చెరుకు కొట్టుడు ఎరుకలేదు."

"అంటే, ఇంకా అలవాటు కాలేదనా?" సారు నావైపు తిరిగాడు. అన్నేళ్లలో ఆయన నన్నొక మాట అడగడం అదే మొదలు.

చెరుకు రసం, దుమ్ము కలిసి మణికట్టులో బంకలా గట్టిపడ్డాయి. నేను దానికి తొడుగు పెట్టలేదు. ఆమె చెప్పింది ఆ మణికట్టు తిరగడం లేదనేనని నాకు తెలుసు.

"అవును సార్," అన్నాను.

"గట్లన్ననా అన్నా నేను?"

సారు అప్పటికే రాసుకుంటూ కారు వైపు నడిచాడు. ఆ రోబో చేతి బెల్టులు నేనే విప్పి వెనక్కి తెచ్చాను. నేర్చుకోలేదని, చేతులు అందుకునేవాళ్ల జాబితాలో ఆమె పేరు కొట్టేశారు.

అది అబద్ధమా? చెయ్యి తిరగడమంటే అలవాటు పడటమని కూడా అర్థం ఉంది కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. నన్ను పట్టించుకోలేదని అందరినీ తిట్టినవాణ్ని, ఆమె కళ్లెదుటే ఆమె మాటను ఎలా మింగేశాను? తర్వాత ఎవరికీ చెప్పకుండా రబ్బరు తొడుగు వేశాను. ఇప్పుడు ఆ చేతులు బాగానే తిరుగుతున్నాయి, ఇతరులకు. గంగమణి మాత్రం గడను మొండిచేతితో ఒంటికి అదిమి పట్టి కొడుతోంది.

రాశాక గుండె కొంచెం తేలికైంది. అంతే. ఇదే ఉత్తరం కాలేజీకీ పంపుతున్నాను. ఫొటో కింద నా పేరు వేయకపోయినా సరే. కాదు, సరే కాదు, అది వేరే గొడవ. తప్పు నేను చేసిన మణికట్టుది, నాది. గంగమణి పేరు మళ్లీ రాస్తారా, రాయరా? దీనికైనా ఎవరో ఒకరు జవాబివ్వండి. నాకు కాదు, ఆమెకు.