షకీరాతో కట్టిన బొమ్మ ఇల్లు

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. స్క్రీన్ మీద షకీరా పేరు చూసి, ఎప్పటిలాగే "చెప్పవే, ఏం వండావు" అన్నాను.

అటు నుంచి వాళ్ళమ్మాయి గొంతు.

"ఆంటీ, అమ్మీ పొద్దున పోయింది. నిద్రలనే."

ఎన్నింటికి తీసుకెళ్తారో అడిగి ఫోన్ పెట్టేశాను.

మొన్న ఆదివారమే మాట్లాడుకున్నాం. మోకాళ్ళు తప్ప అంతా బాగుందంది.

షకీరా ఎవరో మీలో చాలామందికి తెలియదు. బోధన్‌లో మా పిన్ని వాళ్ళ పక్కింటి అమ్మాయి. నా ఈడుది.

అరవైల నాటి సంగతి. మా నాన్న కోస్తా నుంచి వచ్చి రుద్రూర్ దగ్గర కాలువ కింద పొలం కొన్నాడు. చదువు కోసం నన్ను బోధన్‌లో పిన్ని దగ్గర ఉంచాడు. క్లాసులో నేను నోరు విప్పితే చాలు, నా యాసకి అందరూ నవ్వేవారు. దాంతో మాట్లాడటమే మానేశాను.

షకీరాది ఇంకో కథ. వాళ్ళమ్మ చనిపోయాక బడి మాన్పించి వంటింట్లో కూర్చోబెట్టారు. తోటి పిల్లలంతా బడికి పోయేవారు. ఆ ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు.

మా ఇద్దరినీ కలిపినవి ప్లాస్టిక్ ఇటుకలు.

ఒకదాని మీద ఒకటి నొక్కితే పట్టుకుని నిలబడతాయి కదా, అవి. తనకి బొంబాయి నుంచి మామూ ఎర్రవి తెచ్చాడు. నాకు నాన్న హైదరాబాద్‌లో తెల్లవి కొన్నాడు. రెండూ కలిపి పెద్ద ఇల్లు కట్టాలని మా ప్లాన్. ఎక్కువగా వాళ్ళింట్లో, అప్పుడప్పుడు పిన్ని ఇంట్లో కట్టేవాళ్ళం.

తీరా చూస్తే వాటి బొడిపెలు వీటి చిల్లుల్లో పట్టవు. వెంట్రుకవాసి తేడా. నొక్కితే వేళ్ళు వాచేవి. బలవంతంగా ఎక్కిస్తే ఊడి వచ్చేవి కావు, పళ్ళతో లాగేవాళ్ళం. ఇటుకలన్నిటి మీదా మా పంటి గాట్లే.

కిటికీలు ఉన్న చోట గోడ చాలదు. గోడ అయ్యేసరికి పైకప్పు ముక్కలు తక్కువ. పిన్ని ఊడ్చినప్పుడల్లా రెండు మూడు చెత్తలోకి పోయేవి. షకీరా వాళ్ళ నాన్న కాలికింద పడ్డవి వేరే.

ఆయన చెరుకు బండ్లకి చక్రాలు చేసేవాడు. రంపపు పొట్టులో కూర్చుని మేం ముక్కలు వెతుకుతుంటే చూసి నవ్వేవాడు.

"నేను జేసిన బండి చెరుకు మోసి వాపస్ గూడ వచ్చింది. మీ ఇల్లు ఇంక గాలేదా బేటీ?"

ఒకరోజు షకీరాకి బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది. బెల్లం పాకం పెట్టి అతికిద్దామంది. చెరుకు ఊరి పిల్లలం, బెల్లానికి కొదవా. చక్కగా అతుక్కుంది. ఎర్రగోడ, తెల్లగోడ మొదటిసారి కలిశాయి. మురిసిపోయాం.

తెల్లారేసరికి బొమ్మ ఇల్లంతా చీమలు.

మా పిన్నికి శుభ్రం పిచ్చి. కాగుతున్న నీళ్ళు తెచ్చి మొత్తం దాని మీద గుమ్మరించింది. చీమలు పోయాయి. సగం ఇటుకలు వంకర్లు తిరిగి పనికిరాకుండా పోయాయి.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. షకీరా మాత్రం ఒక్కో ముక్కా ఏరి ఆరబెట్టింది.

"ఏమైతది తియ్ రత్నా. మొదటిసంది కడ్దాం."

దాని మొహంలో సంతోషం చూసి నాకు ఒళ్ళు మండింది.

ఇక తలుపు సంగతి. ఉన్నదే ఒక్క తలుపు. ఇల్లు పూర్తికావస్తోంది అనగానే అది కనిపించేది కాదు. పొట్టులో వెతికేవాళ్ళం, మంచం కింద వెతికేవాళ్ళం. చీకటి పడేది. "రేపు జూద్దాం" అనేది షకీరా. మర్నాడు ఎక్కడో దొరికేది. అప్పటికి కప్పు కూలి ఉండేది. ఎన్నాళ్ళు ఇలా నడిచిందో లెక్కలేదు.

తర్వాత నాన్న నన్ను నిజామాబాద్ హాస్టల్లో వేస్తానన్నాడు. వెళ్ళే రోజు చెప్పడానికి షకీరా ఇంటికి పోయాను.

అది వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. తలుపు ముక్క తీసి నా ముందు పెట్టింది.

"ఇది ఎన్నడూ పోలే. నేనే దాస్తుంటి."

"ఎందుకే?"

"ఇల్లు అయిపోతె నువ్వు మల్ల రావు గద."

ఇద్దరం కూర్చుని ఆ తలుపు పెట్టాం. ఇల్లు పూర్తయింది. బయట నాన్న బస్సుకి టైమవుతోందని పిలుస్తున్నాడు. షకీరా చెయ్యి వదల్లేక గట్టిగా ఏడ్చేశాను. అదీ ఏడ్చింది.

డెబ్బైల్లో షకీరా పెళ్ళై నిజామాబాద్ వచ్చింది. నేను అక్కడే టీచర్ని. అప్పుడప్పుడు కలిసేవాళ్ళం. పిల్లలు, సంసారం, దానికి తీరికెక్కడిది. కొన్నేళ్ళకి మళ్ళీ బోధన్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోన్లే.

నేను ఒంటరిదాన్నని మీ అందరికీ తెలుసు. ఇరుగుపొరుగు మంచివాళ్ళు, పాత స్టూడెంట్స్ వచ్చి పలకరిస్తారు. వచ్చినవాళ్ళంతా గడియారం చూసుకుని లేస్తారు. నేనూ ఎవరింటికైనా వెళ్తే టైమ్ చూసుకునే లేస్తాను. అందులో ఎవరి తప్పూ లేదు.

నిన్న సాయంత్రం బోధన్ వెళ్ళాను. ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. షకీరాని తీసుకెళ్ళిపోయాక వాళ్ళమ్మాయి తప్ప అక్కడ నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. "మీరెవలు?" అని ఒకావిడ మర్యాదగానే అడిగింది. ఫ్రెండ్‌ని అన్నాను. లాస్ట్ బస్సుకి వచ్చేశాను.

ఆవిడకి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఇంత జీవితంలో, నేను రేపు కూడా రావాలని ఆశపడి దొంగతనం చేసిన మనిషి షకీరా ఒక్కతే.

ఇక నిదానంగా పడుకో షకీరా. పనులన్నీ అయిపోయాయి. నీ అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.