మధుకుమార్ చెవులు

బలసముద్రంలో మధుకుమార్ ఎవరని అడిగితే, చెవుల్లో పాటలు పెట్టుకుని సోమప్ప చెయ్యి కాల్చినవాడు అంటారు. టీ అంగడి మారెమ్మ అంటుంది, పాల డెయిరీ ముందు క్యాన్లతో నిలబడినవాళ్లంటారు, సోమప్ప పెళ్లామైతే దుమ్మెత్తి పోసి మరీ అంటుంది. పచ్చి అబద్ధం. అది అబద్ధమని తెలిసినవాళ్లం ముగ్గురం. ఒకడు మధు. ఒకడు మా సూపర్‌వైజర్ సుదీప్. మూడోవాణ్ని నేను, ధనంజయను.

మధుదీ నాదీ ఒకే ఊరు, ఒకే ఈడు, పావగడ ఐటీఐలో ఒకే బెంచీ. సోలార్ పార్కు వచ్చినప్పుడు మా రెండిళ్ల చేన్లూ లీజుకు పోయాయి. ఇరవై ఎనిమిదేళ్ల దాకా ఆ మన్ను మాది కాదు. భూమి ఇచ్చినవాళ్లకు పని అన్నారు. చాలామందికి గడ్డి కోసే పని, సోలార్ పలకలు కడిగే పని దొరికింది. మేమిద్దరం నాలుగక్షరాలు నేర్చుకున్నందుకు టెక్నీషియన్లమయ్యాం. చేను పోయినా ఈ ఉద్యోగముంది కదా అనే ధీమాతోనే మధువాళ్ల ఇల్లు నడిచేది. పార్కులో కంపెనీలు బోలెడు, మాది ఏదో చెప్పను. చెప్పి ఉన్న కూడు పోగొట్టుకునే ధైర్యం నాకుంటే అసలు ఈ కథే ఉండేది కాదు.

మధు చెవులు మామూలు చెవులు కావు. అవి వాళ్ల అవ్వ ఓబక్క నుంచి వచ్చాయి. శెనక్కాయలు ఆరబోసినప్పుడు ఆమె పిడికెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించి, ఇంకా రెండెండలు కావాల అనేది. గింజ కాయలో కదిలే చప్పుడును బట్టి చెప్పేది. ఆమె చెప్పాక ఇంకెవరూ కాయ చిదిమి చూసేవాళ్లు కాదు. విత్తనానికి ఉంచిన కాయలను మిషన్లో వేయనిచ్చేది కాదు, గింజ చిట్లుతుందని. చేత్తోనే ఒలవాలి. చేను చుట్టూ పార్కు కంచె పడటానికి ముందు ఏడాది, చివరి పంట విత్తనాలు ఒలుస్తూ ఆమె ఏదో పాడుకుంటుంటే మధు ఫోన్‌లో రికార్డు చేశాడు. ఆ విత్తనాలు మళ్లీ మన్నులో పడలేదు, వేయించుకుని తిన్నారు. ఓబక్క మరుసటేడాది పోయింది. రికార్డు మాత్రం మధు ఫోన్‌లో ఉండిపోయింది.

ఇన్-ఇయర్ మానిటర్లని ఉంటాయి. స్టేజీ మీద పాడేవాళ్లు చెవి లోపలికంటా దూర్చుకుంటారు చూడండి, అవి. వాటికి పిచ్చివాళ్లున్నారని, ఏది కొనాలో నెలల తరబడి ఇంటర్నెట్‌లో కొట్టుకుంటారని మధు వల్లే తెలిసింది నాకు. వీడూ అందులో పడ్డాడు. అన్నం తింటూ అవే వీడియోలు. బేస్ ఎక్కువైతే గొంతు మునిగిపోతుందట, ట్రెబుల్ ఎక్కువైతే చెవిలో సూది గుచ్చినట్టుంటుందట. ఎవడికి కావాలప్పా ఇదంతా అని విసుక్కున్నా వదిలేవాడు కాదు.

కొనడానికి బెంగుళూరు పోయాడు, నన్నూ లాక్కుపోయాడు. పెట్టుకుని విని చూసి కొనుక్కునే అంగడి అది. అంగడివాడు దడదడలాడే డప్పుల పాటలు పెట్టబోతే మధు వద్దని, తన ఫోన్ తగిలించి ఓబక్క రికార్డు పెట్టాడు. శెనక్కాయలు ఒలిచే చప్పుడు విని మానిటర్లు ఎంచుకునే మనిషిని ఆ అంగడి అంతకుముందు చూసి ఉండదు. మొదటి జత పెట్టుకుని, కాయ చిట్లినట్టు లేదు, కాగితం చించినట్టుంది అన్నాడు. రెండోదాంట్లో కాయ బాగుంది కానీ అవ్వ దుప్పటి కప్పుకుని పాడుతోంది అన్నాడు. అలా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాటేదాకా, నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా వీడికి పట్టలేదు. చివరి జత పెట్టుకున్నాక మాత్రం కళ్లు తుడుచుకున్నాడు. పాటకూ పాటకూ మధ్య అవ్వ ఊపిరి పీల్చుకోవడం, ఆమె చేతి గాజు చాటకు తగలడం, యాడనో మేకపిల్ల అరవడం, ఇవన్నీ ఆ రికార్డులో ఉన్నట్టు తనకే తెలియదన్నాడు. అవే కొన్నాడు.

కొన్నాక ఊరుకున్నాడా? చెవిలో దూర్చే బుడిపెలకు మెత్తటి తొడుగులు మూడు సైజులు ఇచ్చారు. వాడి ఎడమ చెవి రంధ్రం కుడిదానికంటే చిన్నదని పది రోజులకు తేల్చి, ఎడమకు చిన్నది, కుడికి మధ్యది పెట్టాడు. రబ్బరువి వద్దని స్పాంజివి తెప్పించాడు. ఆ మానిటర్లకు వైరు ఊడదీసుకునేలా ఉంటుంది. రెండు చిన్న పిన్నులు, లాగితే ఊడొస్తుంది. ఒక గొర్రెపిల్ల ఖరీదు పెట్టాడని తెలిసి మారెమ్మ, ఊళ్లో అందరూ గొర్రెల్ని దొడ్లో కట్టేస్తే వీడు చెవిలో కట్టేసుకున్నాడని వెక్కిరించింది. వాడూ నవ్వాడు.

ఒకరోజు టీ టైంలో నా చెవులకు పెట్టి, ఎట్లుండాదో చెప్పమన్నాడు. నాకేం తేడా తెలియలేదు. సంతలో దొరికే దాంట్లోనూ ఇంతే కదా అన్నాను. వాడికి కోపమొచ్చింది. "నీవి చెవులు కావప్పా ధనా, చొక్కా తగిలించుకునే కొక్కేలు" అన్నాడు. గడ్డి కోసే ఆడవాళ్లతో సహా ఇరవైమంది పగలబడి నవ్వారు. ఆ పొద్దు నుంచి నేను కొక్కెం ధన. మా ఇంటి పక్క పిల్లోళ్లు కూడా అట్లాగే పిలిచారు. చిన్న విషయమే అంటారా? అనండి. నాకు మాత్రం నిప్పులాగా ఉండిపోయింది. అది చెప్పకపోతే తర్వాత నేను చేసింది భయంతో మాత్రమే చేశానని మీరనుకుంటారు.

మా పని ఇన్వర్టర్ల గదిలో. పలకల నుంచి వచ్చే కరెంటును లైనుకెక్కేలా మార్చే యంత్రాలవి, బీరువాలు వరసగా నిలబెట్టినట్టుంటాయి. ఎండెక్కేకొద్దీ కూత పెడతాయి. వేసవిలో అరగంట లోపలుంటే బయటికొచ్చాక కూడా చెవిలో ఆ కూతే. చెవుల్లో పెట్టుకోను కంపెనీ ఇచ్చిన బిరడాలు అయిపోయి ఆరు నెలలైంది. అడిగితే కొనమని ఇండెంట్ పెట్టామన్నారు. అప్పుడు మధు ఒక ఉపాయం కనిపెట్టాడు. గది గడప దగ్గర ఆగి, మానిటర్ల వైరు ఊడబెరికి, చుట్టచుట్టి చొక్కా జేబులో వేసుకుని, ఉత్త బుడిపెలు చెవుల్లో దూర్చుకుని లోపలికి పోయేవాడు. వైరు లేకపోతే అవి పలకవు. స్పాంజి అడ్డంపడి కూత తగ్గుతుంది, అంతే. చెవులు పోతే వాడికి ఇంకేముంది మరి. ఫోన్ బయట నా దగ్గరుండేది. రోజూ చూసేవాణ్ని.

చెవులు మూసుకుని కూడా వాడికి వినపడినంత మాకు తెరిచినా వినపడలేదు. ఏప్రిల్ చివర్లో మూడో ఇన్వర్టరు ఫ్యాన్ బేరింగు పోతోందన్నాడు. పొద్దున మీటింగులో సుదీప్‌కు చెప్పాడు. స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉందన్నాడు సుదీప్. వారానికి మళ్లీ చెప్పాడు. స్క్రీన్ కంటే నీ చెవులు గొప్పవా అన్నాడు సుదీప్, అందరూ నవ్వారు, నేను కాస్త ఎక్కువే నవ్వాను. మూడోసారి చెప్పినప్పుడు ఎవరూ నవ్వను కూడా లేదు. ఆ గదికి అలారం ఉండేది. దుమ్ము లేచినప్పుడల్లా ఊరికే మోగుతోందని సుదీపే దాని వైరు తీయించాడు.

మే నెల, మధ్యాహ్నం రెండు. నేను గది బయట రీడింగుల పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. మధు ఎప్పటిలాగే వైరు ఊడదీసి జేబులో వేసుకుని లోపలికి పోయాడు. రెండు నిమిషాల్లో బయటికొచ్చి, నా చేతిలోని తన ఫోన్ లాక్కుని సుదీప్‌కు చేశాడు. బేరింగు అరుస్తోంది, ఆపేద్దాం సార్ అన్నాడు. ఇంత ఎండలో ఆపితే ఉత్పత్తి పోతుంది, సాయంత్రం చూద్దామని అటునుంచి జవాబు. ఫోన్ నుంచి ఆ మాట నాకూ వినపడింది. మధు ఫోన్ నా చేతిలో పెట్టి మళ్లీ లోపలికి పోయాడు, దాని దగ్గరే ఉంటానని. పది నిమిషాలకు టప్పుమని పేలింది. పొగలోంచి మధు అరుస్తూ బయటికొచ్చాడు, ఎవరూ రావద్దని. కానీ అవతల గడ్డి కోస్తున్న సోమప్ప అప్పటికే ఇంకో వాకిలి నుంచి దూరి, ఇసుక బకెట్ పట్టుకుని పేలిన ఇన్వర్టరు తలుపు తెరిచాడు. మోచేతి దాకా కాలింది.

విచారణకు పెద్ద ఆఫీసర్ వచ్చాడు. పాటలు వింటూ యంత్రం చప్పుడు వినలేదని మధు మీద నేరం. ఇంగ్లీషు మాట్లాడతాడు, మాది కర్ణాటక కాబట్టి సుదీప్ కన్నడలోకి తిప్పి చెప్తాడు. మధు చెవుల్లో బుడిపెలు సోమప్పా చూశాడు, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లూ చూశారు. మధు తనకు ఫోన్ చేసింది సెలవు అడగడానికని సుదీప్ చెప్పాడు. మధు ఆ రెండు బుడిపెలనూ టేబుల్ మీద పెట్టి, పక్కన వైరు పెట్టి, ఇది తగిలించకుంటే పాట రాదు సార్, చెవులకు అడ్డం పెట్టుకున్నానంతే అన్నాడు. ఆఫీసర్ నవ్వాడు. తన జేబులోంచి తెల్ల డబ్బీ తీసి మూత తెరిచి చూపించాడు. ఈ రోజుల్లో వైరు ఎవరికి కావాలి అన్నాడు. ఆయనవి వైరు లేకుండానే పాడతాయి. వీడివి పాడవు. ఆ తేడా తెలిసినవాణ్ని ఆ గదిలో వాడు కాక నేనొక్కణ్నే. మధు నా వైపు తిరిగాడు.

"ధనా, నువ్వు చూస్తివి కదప్పా. చెప్పు."

నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకు రెన్యువల్. ముందురోజు సుదీప్ నన్ను పక్కకు పిలిచి, నువ్వు చూసింది చెప్తే చాలు, చూడనిది చెప్పద్దు అన్నాడు. బెదిరింపు ఇంత మర్యాదగా కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది. కాగితం మీద ప్రశ్న ఒక్కటే రాసి పెట్టారు. ఘటన జరిగినప్పుడు మధుకుమార్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయా, లేవా?

ఉన్నాయి సార్ అన్నాను. సంతకం పెట్టాను. నేను రాసిందాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. వైరు జేబులో ఉందని ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఫోన్‌లో ఏం మాట్లాడాడో అడగలేదు, చెప్పలేదు. ఇరవైమంది నవ్విన ఆ టీ టైం కూడా సంతకం పెట్టేటప్పుడు గుర్తొచ్చింది. సిగ్గులేని మనిషిని నేను, ఆ క్షణం కాస్త తృప్తిగానే అనిపించింది. మధు నన్ను తిట్టలేదు. బుడిపెలు తీసి డబ్బాలో పెట్టుకుని లేచిపోయాడు. అప్పుడైనా నోరు తెరవచ్చు, తెరవలేదు.

వాడి ఉద్యోగం పోయింది. పనికి తీసుకోవద్దని వాడి పేరు పార్కు బోర్డు మీద పెట్టారు కాబట్టి పార్కులో ఇంకే కంపెనీ గేటూ తీయలేదు. సోమప్ప ఇంటికి పరామర్శకు పోతే గడప తొక్కనివ్వలేదు. ముందు నవ్వుతాలకు అన్న గొర్రె మాటే ఊరు ఈసారి కసిగా అంది. చేను కంచె లోపల, వాడు కంచె బయట. ఆరు నెలలు చూసి, వై.ఎన్. హొసకోటలో శ్రీనివాసమూర్తి అనే ఆయన కాలిన మోటార్లకు రాగితీగ చుట్టే అంగడిలో పనికి కుదిరాడు. నా కాంట్రాక్టు రెన్యువల్ అయింది. రెండేళ్లు వాడి కంట పడకుండా తిరిగాను.

మొన్న మా ఇంటి నీళ్ల మోటారు కాలింది. హొసకోటలో ఇంకో అంగడి మూసి ఉంటే, గత్యంతరం లేక అక్కడికే తీసుకుపోయాను. మధు సన్నబడ్డాడు. నన్ను చూసి మోటారు దించుకుని, ఇరుసు చేత్తో తిప్పి, చెవి ఆనించి, బేరింగు కూడా మార్చాల అన్నాడు. తప్పయిందప్పా అనబోయి, బేరింగు ఎంతవుతుందని అడిగాను. వాడు చేతులు తుడుచుకుని, గోడ అలమరలోంచి ఆ డబ్బా తీశాడు. రెండు బుడిపెలు. వైరు లేదు. దగ్గరికొచ్చి తానే నా చెవుల్లో ఒక్కొక్కటీ దూర్చి, స్పాంజి ఉబ్బేదాకా వేలితో పట్టుకున్నాడు. అంగడిలో మోటార్ల రొద దూరమైపోయింది. వాడి పెదవులు కదలడం చూస్తూ, సగం విని సగం చూసి అర్థం చేసుకున్నాను.

"పాట యేమన్నా ఇనపడతా ఉండాదా?"

"లేదప్పా" అన్నాను.

"ఇంతే కదప్పా ఆ పొద్దు నేను చెప్పమనింది."

బుడిపెలు తీసుకుని చొక్కా అంచుతో తుడిచి డబ్బాలో పెట్టాడు. మోటారు రేపు మధ్యాహ్నానికి తయారవుతాదన్నాడు. గోడ గడియారం చూసి, కంపెనీ బండి వచ్చే టైమైంది, డ్యూటీకి లేటవుతావు పో అన్నాడు. పోయాను.